తిన్న ఆకు ఒంటబట్టాలంటే
డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం



సుబ్బారావుగారి పేరిట జరిగే సభలో వండిన ఆకుకూరల గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు, ఆ మహా శాస్త్రవేత్తకూ తోటకూర పప్పుకూ లంకె ఏమిటని మిత్రులు అడిగారు. లంకె గట్టిదే. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. తోడబుట్టినవారిని స్ప్రూ అనే వ్యాధికి పోగొట్టుకున్నారు. ఆ జబ్బు ఆయన్నీ పట్టి పీడించింది. స్ప్రూ సోకితే పేగు లోపలి పొర దెబ్బతింటుంది. మనిషి అన్నం తింటూనే ఉంటాడు, తిన్నది మాత్రం ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు, నాలుక పూస్తుంది, రక్తం తగ్గుతుంది, మనిషి చిక్కిపోతాడు.

ఇక రెండో కథ. 1928లో లూసీ విల్స్ అనే వైద్యురాలు ఇంగ్లండు నుంచి బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులలో ఒక రకం రక్తహీనత ఆమె కంటబడింది. ఎర్ర కణాలు ఉబ్బి, సంఖ్యలో తగ్గిపోతాయి. ఈస్టు సారం ఇస్తే ఆ తల్లులు కోలుకున్నారు. ఆ సారంలో ఏదో ఉంది, అదేమిటో తెలియదు. దాని కోసం ఆమె కొంతకాలం కూనూరులో, రాబర్ట్ మెకారిసన్ పోషకాహార పరిశోధన సాగిస్తున్న చోట పనిచేశారు. కూనూరులోని ఆ పోషకాహార ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరుతో తార్నాకలో నడుస్తోంది.

1941లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు నాలుగు టన్నుల పాలకూరను వడకట్టి, సాంద్రపరిచి, అందులోంచి ఒక పదార్థాన్ని పట్టుకున్నారు. దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి ఆధ్వర్యంలోని బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. లూసీ విల్స్ వెతికినది అదే. స్ప్రూ రోగులకు మందై నిలిచినదీ అదే. ఇంట్లో మనుషుల్ని తీసుకుపోయిన జబ్బుకు విరుగుడు ఆయన ప్రయోగశాలలోంచే వచ్చింది.

ఈ కథలో రెండు సంగతులున్నాయి. ప్రాణం నిలిపే పదార్థం ఆకులో ఉంది. అయితే ఆకులో ఉన్నంత మాత్రాన అది మనిషికి అందదు. ఈ రెండిటి మధ్య ఉన్న దూరమే ఇవాళ నా విషయం. ఆకుకూర విలువను మనం పట్టికల్లో వెతుకుతున్నాం. నా మాట ఏమిటంటే, ఆ విలువలో సగం గిన్నెలో తేలుతుంది. ఏ నీళ్లలో ఉడికింది, ఆ నీళ్లు ఏమయ్యాయి, ఎంత నూనె పడింది, పక్కన ఏం తిన్నాం, అసలు ఎవరు తిన్నారు అన్నవి తెలియకుండా ఆకులో ఇంత ఉంది, అంత ఉంది అని చెప్పడం సగం చదువే.

పట్టికలోని అంకె

మన దేశంలో ఆహార పదార్థాల విలువల పట్టిక మొదట 1937లో కూనూరు నుంచి వెలువడింది. తాజాది 2017లో హైదరాబాదు నుంచి వచ్చింది. ఈ రెండిటి మధ్య ఒక్క తోటకూర చరిత్ర చూడండి. పాత ముద్రణల్లో 100 గ్రాముల తోటకూరలో ఇనుము 25 మిల్లీగ్రాములని రాసి ఉండేది. 2017 పట్టికలో అది 5 మిల్లీగ్రాముల లోపే. తోటకూర మారలేదు. ఆకును అంటుకున్న మట్టిలోని ఇనుము కూడా లెక్కలోకి చేరడం, పరీక్షా పద్ధతులు ఇప్పటంత నిక్కచ్చిగా లేకపోవడం ఆ పెద్ద అంకెకు కారణాలు. ఆ పాత అంకె మాత్రం ఇవాళ్టికీ గోడపత్రాల మీద, ఫోన్లలో తిరిగే సందేశాల్లో బతికే ఉంది.

భారతీయ వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం వయసులో ఉన్న స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. తోటకూర ఇచ్చేది అందులో ఆరో వంతు. అది చిన్న వాటా కాదు, అలాగని రక్తహీనతకు అదొక్కటే మందూ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంత లోతైన లోటును కూరాకు ఒక్కటే పూడుస్తుందని చెప్పి గర్భిణి చేత మాత్ర మాన్పించడం పాపం. ఆమెకిచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. మాత్ర మాత్రే, కూర కూరే. రెండూ కావాలి.

మరి కూర ఎందుకు? మాత్రలో రెండే ఉన్నాయి. ఆకులో ఫోలేటు, కెరోటిన్లు, విటమిన్ కె, విటమిన్ సి, క్యాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, పీచు కలిసి వస్తాయి. మునగాకు, తోటకూర 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉన్నవి. అదే తూకం ఆవుపాలలో ఉండేది 120 మిల్లీగ్రాముల దరిదాపు. ఇంత తక్కువ ఖర్చుకు, ఇంత తక్కువ కెలొరీలకు ఇన్ని ఇచ్చే వంటకం మన వంటింట్లో మరొకటి లేదు. రోజుకు మనిషికి 100 గ్రాముల ఆకుకూర ఉండాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది ఇందుకే.

పొయ్యి మీద జరిగేది

పచ్చి ఆకులో బలం ఎక్కువ, వండితే చచ్చిపోతుంది అన్న మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది. పొద్దున్నే పచ్చి పాలకూర రసం తాగేవారు పట్నాల్లో పెరిగారు. ఈ మాటలో కొంత నిజం ఉంది, కొంత లేదు. విడదీసి చూద్దాం.

వేడికి విటమిన్ సి చాలా వరకు పోతుంది. ఇది నిజం. ఫోలేటు నీళ్లలో కరుగుతుంది కాబట్టి ఆకును బాగా నీళ్లు పోసి ఉడికించి వార్చేస్తే దాదాపు సగం ఆ నీళ్లతో పోతుంది. పాలకూర మీద జరిపిన పరీక్షల్లో తేలిన సంగతి ఇది. అదే ఆకును కాసేపు ఆవిరి మీద మగ్గిస్తే చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. అంటే ఫోలేటును ఎక్కువగా తీసుకుపోయింది నీళ్లు. వార్చకపోతే అది గిన్నెలోనే ఉంటుంది.

కెరోటిన్ సంగతి వేరు. అది ఆకుపచ్చని కణాల లోపల, మాంసకృత్తులతో పెనవేసుకుని, గట్టి కణగోడల వెనక ఉంటుంది. పచ్చి ఆకును ఎంత నమిలినా ఆ గోడలు పూర్తిగా తెగవు. వేడి వాటిని మెత్తబరుస్తుంది, పప్పుగుత్తి చిదుముతుంది, అప్పుడు కెరోటిన్ బయటపడుతుంది. విటమిన్ కె వేడికి నిలుస్తుంది. ఖనిజాలు కాలిపోయేవి కావు, నీళ్లు పారబోస్తే తప్ప ఎక్కడికీ పోవు.

అన్నిటికన్నా పెద్ద సంగతి తినగలిగే మోతాదు. ఒక కప్పు నిండా పచ్చి పాలకూర వేస్తే 30 గ్రాములు తూగుతుంది. అదే కప్పు ఉడికిన పాలకూర 180 గ్రాములు. పచ్చిగా రెండు గుప్పిళ్లు తినేసరికి దవడలు నొప్పి పుడతాయి. వండితే కట్టకు కట్ట రెండు ముద్దల్లో వెళ్లిపోతుంది. కొంత నష్టం తీసేసినా మనిషికి అందేది ఎన్నో రెట్లు ఎక్కువ.

రంగు గురించి కూడా ఒక మాట. చింతపండు పడగానే ఆకుపచ్చ రంగు మాసి గోధుమ ఛాయకు తిరుగుతుంది. పులుపుకు ఆకులోని పత్రహరితం తన మెగ్నీషియాన్ని వదిలేయడమే ఇందుకు కారణం. ఆ మెగ్నీషియం పులుసులోనే ఉంటుంది. పులుపు విటమిన్ సి ని కొంత కాపాడుతుంది కూడా. రంగు పోయిందని బెంగపడి వంటసోడా వేస్తే కూర పచ్చగా నిగనిగలాడుతుంది, త్వరగా మెత్తబడుతుంది. కానీ విటమిన్ సి, థయమిన్ ఆ సోడాకు నాశనమవుతాయి. హోటళ్లు, విందుల వంటవాళ్లు ఈ పని మానాలి.

ఒక చెంచా నూనె

కెరోటిన్ కణంలోంచి బయటపడితే చాలదు, పేగు దాటాలి. దానికి కొవ్వు కావాలి. హైదరాబాదు పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1980లో ప్రచురించిన పరిశీలనలో పిల్లలకు పాలకూరను నూనె లేకుండా ఒక జట్టుకు, నూనెతో మరికొన్ని జట్లకు పెట్టి చూశారు. నూనెతో తిన్న పిల్లల రక్తంలో విటమిన్ ఎ మరింత పెరిగింది. అందుకు 5 గ్రాముల నూనె సరిపోయింది. అంటే ఒక చిన్న చెంచాడు. తాలింపు పెట్టే ప్రతి ఇల్లాలికీ ఇది చేతికొచ్చిన కొలత. లావవుతామన్న భయంతో చుక్క నూనె లేకుండా ఆకును ఉడికించి తినేవారు తాము కొనుక్కున్న కెరోటిన్‌లో పెద్ద భాగాన్ని తామే వదులుకుంటున్నారు.

ఇక్కడ ఇంకో చేదు నిజం దాచకూడదు. 1995లో ఇండొనేసియాలోని పశ్చిమ జావాలో పాలిచ్చే తల్లులకు పన్నెండు వారాల పాటు వండిన ఆకుకూర పెట్టి చూస్తే వారి విటమిన్ ఎ స్థితి మెరుగుపడలేదు. అంతే కెరోటిన్ బిస్కెట్టులో కలిపి ఇస్తే మెరుగుపడింది. ప్రపంచమంతా ఈ ఫలితం మీద తర్జనభర్జన పడింది. అంతవరకు 6 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ తింటే 1 మైక్రోగ్రాము విటమిన్ ఎ దక్కుతుందని లెక్కగట్టేవారు. 2001లో అమెరికా నిపుణులు దాన్ని 12కు 1గా మార్చారు. ఒక కూరలో 6,000 మైక్రోగ్రాముల కెరోటిన్ ఉంటే పాత లెక్కన వెయ్యి దక్కాలి, కొత్త లెక్కన ఐదొందలే.

దీన్నిబట్టి ఆకుకూర పనికిరాదని కొందరు తేల్చేశారు. నేను ఒప్పుకోను. సగం అయినా అది రోజూ దొరికే సగం. 1970లో మన ప్రభుత్వం అంధత్వ నివారణకు పిల్లలకు ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ ఇచ్చే పథకం మొదలుపెట్టింది. అది ఈ పోషకాహార సంస్థలో పుట్టిన ఆలోచనే. ఆ సంస్థకు సారథిగా ఉన్న డాక్టర్ సి. గోపాలన్ ఆ తర్వాతి కాలంలో శాశ్వత పరిష్కారం తిండిలోనే ఉందని, పెరటి ఆకుకూరల్లో ఉందని గట్టిగా వాదించారు. జావా ఫలితం నాకు నేర్పేది ఒకటే. తినమని చెప్పి ఊరుకోవద్దు. మెత్తగా ఉడికించమని, చిదమమని, నూనె వేయమని, పిల్లల కడుపులో నులిపురుగులు లేకుండా చూడమని కూడా చెప్పాలి.

ఇనుముకు తోడు, క్యాల్షియానికి అడ్డు

ఆకులోని ఇనుములో పేగు పీల్చుకునేది పదో వంతుకు మించదు. ఈ వాటాను పెంచేది పులుపుతో వచ్చే విటమిన్ సి. కూరలోది వేడికి పోయింది కాబట్టి దించిన తర్వాత నిమ్మకాయ పిండుకోవాలి, లేదా భోజనంతో పాటు పచ్చిది ఏదైనా తినాలి. జాతీయ పోషకాహార సంస్థ 2013లో ప్రచురించిన అధ్యయనంలో అన్నం భోజనంతో పాటు 100 గ్రాముల జామపండు తిన్న కౌమార వయస్కులకు ఇనుము దాదాపు రెట్టింపు ఒంటబట్టింది. జామచెట్టు లేని ఊరు మనకు లేదు. ఇక భోజనం చేస్తూనో, చేసిన వెంటనేనో టీ తాగితే ఇనుము అందడం సగానికి పైగా పడిపోతుంది. టీని గంటసేపు వెనక్కి జరపడం రూపాయి ఖర్చు లేని వైద్యం.

క్యాల్షియానికి అడ్డం పడేది ఆగ్జలేటు. పాలకూర, చుక్కకూర, బచ్చలి, తోటకూరల్లో ఇది ఎక్కువ. పాలలోని క్యాల్షియంలో నాలుగో వంతుకు పైగా ఒంటబడితే, పాలకూరలోనిది 5 శాతం దగ్గరే ఆగిపోతుంది. మెంతికూరలో ఈ అడ్డు తక్కువ. అందుకే ఒకే కూరకు అతుక్కుపోకుండా మార్చి మార్చి వండుకోవాలి.

మూత్రపిండాల్లో రాళ్లు వచ్చేవారు ఆగ్జలేటు ఎక్కువున్న ఆకులను ఉడికించి వార్చుకుని, పెరుగుతో కలిపి తినడం మేలు. పెరుగులోని క్యాల్షియం ఆగ్జలేటును పేగులోనే పట్టుకుంటుంది. వార్చవద్దని ఇందాక చెప్పాను, ఇది వారికి మినహాయింపు. పచ్చి పాలకూర రసం రోజూ పెద్ద మోతాదులో తాగి మూత్రపిండాలు దెబ్బతిన్నవారి సంగతులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూర మానక్కర్లేదు. ఒక వారం తెగ తిని, ఒక వారం మానేయకుండా ఒకే మోతాదులో తింటూ వైద్యుడికి చెప్పాలి. మూత్రపిండాలు మందగించి పొటాషియం మీద అదుపు ఉన్నవారు వైద్యుడి మాట ప్రకారమే తినాలి.

ఒక పప్పు, దగ్గరి నుంచి

ఇంతవరకు చెప్పిందంతా ఒక్క వంటలో చూపిస్తాను. తోటకూర పప్పు.

కట్ట విప్పి వేళ్లు కోసేయాలి. పండుటాకులు, పుచ్చు ఆకులు ఏరేయాలి. లేత కాడలు ఉంచుకోవాలి. తరగకముందే కడగాలి. తరిగాక కడిగితే కోసిన అంచుల్లోంచి విటమిన్లు నీళ్లపాలవుతాయి. వెడల్పు గిన్నెలో నిండా నీళ్లు పోసి, ఆకును ముంచి కదిపి పైకి ఎత్తాలి. గిన్నెను వంచి నీళ్లు ఒంపితే అడుగున దిగిన ఇసుక మళ్లీ ఆకుకే చేరుతుంది. అడుగున ఇసుక కనబడనంత వరకు నీళ్లు మార్చాలి. కందిపప్పు ముందు ఉడకనిచ్చి, పప్పు మెత్తబడ్డాక అప్పటికప్పుడు తరిగిన ఆకు, పచ్చిమిరపకాయలు వేసి మూత పెట్టాలి. ఆకు తనలోని తడితోనే మగ్గుతుంది. కొద్దిగా చింతపండు రసం, ఉప్పు, పసుపు వేసి, పప్పుగుత్తితో ఎనపాలి. చివర్న నూనెలో ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు. కంచంలో నిమ్మచెక్క.

ఇందులో వార్చిన నీళ్లు లేవు, కాబట్టి ఫోలేటు పప్పులోనే ఉంది. కందిపప్పు తనవంతు ఫోలేటు, మాంసకృత్తులు కలిపింది. గుత్తి కణాలను చిదిమింది. తాలింపు కెరోటిన్‌కు దారి చూపింది. నిమ్మరసం ఇనుముకు తోడైంది. రాయలసీమ పుల్లగూర, కోస్తా తోటకూర పులుసు, తెలంగాణ పుంటికూర పప్పు ఇవే సూత్రాల మీద నిలబడ్డాయి. వీటిలో ఏ ఒక్కటీ ఆకును ఉడికించి నీళ్లు పారబోసే వంట కాదు.

ఆకు నీళ్లలో శుభ్రపడేది మట్టి, పురుగు వరకే. మురుగు కాలువల పక్కన పెరిగిన ఆకులో చేరిన బరువు లోహాలు కడిగినా పోవు, ఉడికించినా పోవు. నగరాల చుట్టూ కూర పండించే రైతుకు మంచినీరు అందేలా చూడటం పాలకుల పని. అది గృహిణి నెత్తిన వేసే భారం కాదు.

ఎవరి కంచంలో

మన దగ్గర కూరాకు కొదవ లేదు. గోంగూర, పొన్నగంటి, అవిసె, చింతచిగురు, చెంచలి, గంగవాయిలి ఇలా చెప్పుకుంటూ పోవచ్చు. ఆషాఢంలో మునగాకు, వినాయకచవితికి తుమ్మికూర తినాలన్న ఆచారాలు ఇంకా బతికున్నాయి. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఎవరూ విత్తకుండానే చేలల్లో మొలిచే కూరాకులను గుర్తుపట్టి, వాటి పేర్లను, వంటలను కాపాడుకుంటూ వస్తున్నారు. కలుపు మందు కొట్టిన చేలో ఆ కూరలు ఉండవు. కలుపుతో పాటు కూలి తల్లి ఒడి నింపే కూర కూడా మాడిపోతుంది. ఈ నష్టం ఏ దిగుబడి లెక్కలోనూ కనపడదు.

ఆ పైన ఇంట్లో వరస ఉంది. ముందు మగవాళ్లు, తర్వాత పిల్లలు, చివర కోడలు. పప్పు అడుగంటాక మిగిలిన పలచని చారుతో ఆమె ముద్ద దిగుతుంది. ఆ ఇంట్లో ఫోలేటు అందరికంటే ఎక్కువ అవసరమైనది ఆమెకే. గర్భంలోని బిడ్డ వెన్నుపాము గొట్టం మొదటి 28 రోజుల్లోనే మూసుకోవాలి. చాలామందికి అప్పటికి తాము గర్భవతులమని కూడా తెలియదు. అందుకే పెళ్లయిన అమ్మాయి, కడుపు పండకముందు నుంచే, ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకోవాలి. కూర ఆమె కంచంలో ముందు పడాలి. అత్తగార్లు ఈ ఒక్క వరస మార్చగలరు.

తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలోనే ఒక పూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు పెడుతోంది. సరుకు ఇంటికిచ్చి పంపకుండా అక్కడే కూర్చోబెట్టి వడ్డించడం నాకు ఎంతో నచ్చిన సంగతి. ఆమె ముద్ద ఆమెకే దక్కుతుంది. ఆ పప్పులో ఎంత ఆకు పడింది, తాలింపు నూనె ఎంత, టీ ఎప్పుడు తాగమన్నారు అనేవి ఆ వంట చేసే ఆయాల చేతుల్లో ఉన్నాయి. నా ఉపన్యాసంలో ముఖ్య శ్రోతలు వారే.

కనుక నా విన్నపాలు ఇవి. పోషకాహారం చదివే విద్యార్థులారా, పచ్చి ఆకు విలువతో ఆగిపోకండి. మన పులుసు, మన పుల్లగూర, మన ఎండబెట్టిన మునగాకు పొడి వండి వడ్డించాక ఎంత ఇస్తున్నాయో కొలవండి. పొడిలో 100 గ్రాముల అంకె చూపి చెంచాడు అమ్మేవారి మాటకు జవాబు చెప్పగలిగేది మీరే. వైద్యులారా, మందుల చీటీ కింద ఆకుకూరలు తినండి అని ఒక్క ముక్క రాయడం చాలదు. నూనెతో, నిమ్మతో, వార్చకుండా, టీకి దూరంగా అని చెప్పడానికి అర నిమిషం చాలు. అధికారులారా, ప్రతి అంగన్‌వాడీకి, ప్రతి బడికి నాలుగు మళ్ల తోటకూర, రెండు మునగచెట్లు, వాటికి నీళ్లు ఇవ్వండి. వంట చేసే ఆయాలకు ఏటా శిక్షణ ఇచ్చి, వారి పనికి తగిన జీతమూ ఇవ్వండి.

సుబ్బారావుగారు పాలకూరలోని పదార్థాన్ని గాజుపాత్రలో పుట్టించి కోట్ల మందికి మాత్రగా అందించారు. ఆ పదార్థం మన పెరట్లో పుట్టే చోటినుంచి మన ఆడబిడ్డల రక్తంలోకి చేర్చే పని మన వంతు. దానికి కావలసిన విజ్ఞానం మన దగ్గర ఉంది, వంటలూ మన దగ్గరే ఉన్నాయి. ఈ రెండూ ఒకే గిన్నెలో కలిసేలా చూడటమే ఆయనకు మనం చెల్లించగల నిజమైన నివాళి.